ఇసకలో కుంటిన జీపు

గేదెల అచ్చిబాబుకి ఎవరైనా నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పని పడిందా అని ముందు ఆలోచించుకుని, ఆ తర్వాత తిరిగి నమస్కారం పెట్టేవాడు. ఈలోపు ఆ పెట్టినాయన సందు తిరిగి వెళ్ళిపోయేవాడు. కొబ్బరికాయ కొంటే ఒక చెవి దగ్గర ఆడించి, ఆ చెవి మీద నమ్మకం లేక రెండో చెవి దగ్గర కూడా ఆడించేవాడు. పెళ్ళైన కొత్తలో పెళ్ళాం మరిడమ్మ ఓ రోజు అడక్కుండానే రెండో గ్లాసు కాఫీ ఇచ్చిందంట. ఏం పగలగొట్టిందోనని ఇల్లంతా తిరిగి చూశాడు. ఏమీ పగల్లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

పాపం, అది అతని తప్పేం కాదు. గేదెల బేరం అలాంటిది. ముసలి గేదెకి కొమ్ముల మీద గీతలు ఆకురాయితో అరగదీసి పడుచు గేదె అంటారు. ముందురోజు పాలు పితక్కుండా ఆపేసి, పొద్దున్నే నిండు పొదుగు చూపిస్తారు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి పక్కన నిలబెడితే, గేదె దాన్ని నాకుతూ పాలిచ్చేస్తుంది. కొనడానికొచ్చినోడు దూరం నుంచి చూసి దూడ కూడా ఉందనుకుంటాడు. ఇవన్నీ అచ్చిబాబుకి ఎలా తెలుసంటే, ఇవన్నీ అచ్చిబాబు చేసినవే. లోకంలో తనలాంటోళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసినోడు లోకాన్ని ఎలా నమ్ముతాడు?

వీటన్నిటికన్నా పెద్ద పాఠం ఇంకోటుంది. కుంటి ఎద్దుని అమ్మేవాడు కొనేవాణ్ణి ఎప్పుడూ ఇసకలోకే తీసుకెళ్తాడు. ఇసకలో అన్ని ఎడ్లూ తూలతాయి, ఏది కుంటిదో ఏది మంచిదో దేవుడు కూడా చెప్పలేడు. అదే గట్టి రోడ్డెక్కించారా, గిట్ట చప్పుడులోనే గుట్టు బయటపడిపోద్ది. అందుకే అచ్చిబాబు ఎక్కడికెళ్ళినా ఒకటే మాట: "ఇసక కబుర్లొద్దు. రోడ్డెక్కించు."

ఊరు కొవ్వూరికి దిగువన, గోదారి గట్టు పక్కనే. ఎదురుగా గోదారి మధ్యలో పాపమ్మలంక. వానాకాలంలో పడవ కావాలి. ఎండాకాలం వచ్చేసరికి ఈ పక్క పాయ ఎండిపోయి, గట్టు నుంచి లంక దాకా ఇసకే ఇసక. లంకోళ్ళ దగ్గర మేత బాగుంటుంది, గేదెలు నిగనిగలాడుతుంటాయి. వరదలొచ్చేలోపు నాలుగైదు తగ్గించుకుంటే మంచిదని అమ్ముతుంటారు. అచ్చిబాబు ఏడాది తిండి ఆ ఎండాకాలం బేరాల్లోనే ఉంది. పాతికేళ్ళుగా చెప్పులు చేత్తో పట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, తెల్లారకుండా ఆ ఇసకలో నడిచెళ్ళి, వేరే బేరగాడు లేచి పళ్ళు తోముకునేసరికి గేదెని తోలుకొచ్చేసేవాడు.

ఆ కాళ్ళకి దెబ్బ తగిలింది. కార్తీకంలో ఓ చూడిగేదె తన్నిన తన్నుకి కుడి మోకాలు లోపల ఏదో జరిగింది. వాపు తగ్గింది గానీ మోకాలు మాత్రం పాతది కాలేదు. గట్టి నేల మీద నెమ్మదిగా నడిస్తే తెలీదు. ఇసకలో అడుగేస్తే మోకాలు పక్కకి జారుతుంది. శివరాత్రి వెళ్ళాక ఓసారి గట్టు దిగి చూసుకున్నాడు. పట్టుమని పాతిక గజాలు నడవలేకపోయాడు. కూర్చుండిపోయి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, చెప్పు తెగినట్టు నటిస్తూ వెనక్కొచ్చేశాడు.

"కాలు బాలేదని లంకోళ్ళకి కబురు పెట్టండి. ఓ నెలాగుతారు," అంది మరిడమ్మ.

"ఎందుకాగుతారే? కుంటి ఎద్దుకి నేనెంతిచ్చేవాణ్ణి?"

"సగం."

"సగం కూడా ఇచ్చేవాణ్ణి కాదు."

కాళ్ళు పోయాయని తెలిస్తే లంకోళ్ళు అవతలి ఒడ్డు బేరగాణ్ణి పిలుస్తారు. ఒక్క ఎండాకాలం వాడడుగు పెట్టాడంటే మళ్ళీ ఈ జన్మలో తనకి లంక లేదు. కాబట్టి నడవకుండా ఇసక దాటాలి, నడవలేడని ఎవరికీ తెలీకుండా దాటాలి. అలా పుట్టింది జీపు ఆలోచన. మామూలు జీపు కాదు, నాలుగు చక్రాలూ లాగే జీపు. ఇసక ట్రాక్టర్ల దగ్గర ఎవరో అంటుంటే విన్నాడు, ఫోర్ వీలైతే ఇసకలో పాములా పాక్కుంటూ పోద్దని.

నరసాపురం అవతల, సముద్రానికి దగ్గర్లో, సూరపరాజుగారనే ఆయన దగ్గర అలాంటి జీపుందని తెలిసింది. ఆ రోజుల్లో రొయ్యల చెరువులు వేసినోళ్ళందరికీ మొదట రెండేళ్ళు బంగారం పండింది. తర్వాత తెగులొచ్చి చెరువులకి చెరువులే తెల్లారేసరికి తేలిపోయాయి. రాజుగారివీ పోయాయి. అమ్మకానికి పెట్టినవాటిల్లో ఈ జీపొకటి. మిలట్రీవాళ్ళు వేలమేసిన బండంట.

కొనడానికెళ్తూ అచ్చిబాబు మెకానిక్కుని తీసుకెళ్ళలేదు. మెకానిక్కు అమ్మేవాడి దగ్గర కమీషను తీసుకుంటాడని అతని నమ్మకం. గేదెల బేరాల్లో తనూ తీసుకునేవాడు మరి.

రాజుగారి దొడ్లో జీపు బురద కొట్టుకుపోయి ఉంది. సీటు చిరిగి పీచు కనిపిస్తోంది. బానెట్టు మీద కోడొకటి పడుకునుంది. చూడగానే అచ్చిబాబుకి ప్రాణం లేచొచ్చింది. కొత్త రంగు లేదు, నూనె పూసిన మెరుపు లేదు. మోసం చేసేవాడు ఇలా ఉంచుతాడా? కడిగి బొట్టు పెట్టిన గేదెలనే అనుమానించడం తెలిసిన మనిషికి, కడగని జీపుని ఎలా అనుమానించాలో తెలీలేదు.

సూరపరాజుగారు మల్లెపువ్వులాంటి పంచెలో వచ్చి, "ఫోర్ వీలండి. ఇదిగో ఈ పొట్టి రాడ్డు వెనక్కి లాగితే ముందు చక్రాలు కూడా పట్టేస్తాయండి. రండి, పక్కనే సముద్రం, ఇసకలో తోలి చూపిస్తాను," అన్నారు.

అచ్చిబాబు ఓ నవ్వు నవ్వాడు. ఈ లోకంలో ఎవరు ఎవర్ని ఎందుకు ఇసకలోకి పిలుస్తారో తెలిసినవాడి నవ్వది.

"ఇసకెందుకండి రాజుగారు. రోడ్డెక్కించండి."

"రోడ్డు మీద ఏ బండైనా వెళ్తదండి. దీని పనితనం ఇసకలోనే తెలిసేది."

"ఆయ్. అదేనండి. రోడ్డు మీదే చూద్దాం."

రాజుగారు అదోలా చూసి, జీపు రోడ్డెక్కించారు. అచ్చిబాబు ఓ మైలురాయి మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చెవులతో చూశాడు. వెళ్ళేటప్పుడు వింటే కుంటు లేదు. వచ్చేటప్పుడు వింటే రొప్పు లేదు. కింద దూరి చూస్తే ముందు చక్రాలకి వెళ్ళే షాఫ్టు ఉంది. రాడ్డు లాగి చూస్తే టక్కుమంది. ఇంకేం కావాలి? రాజుగారి అరుగు మీద, సంతలో బేరగాళ్ళు చేసినట్టు, తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్ళతో బేరమాడబోతే, ఆయనకి ఆ భాష రాక కంగారుపడి చెయ్యి లాగేసుకున్నారు. నోటితోనే తేల్చుకున్నారు. కుర్రతనంలో ట్రాక్టరు తోలిన చెయ్యి కాబట్టి అచ్చిబాబే తోలుకుంటూ ఇంటికొచ్చేశాడు. దారి పొడుగునా అద్దంలో వెనక్కి చూసుకుంటూనే ఉన్నాడు, రాజుగారు మనసు మార్చుకుని వెంటపడతారేమోనని.

మర్నాడు తెల్లారకుండా గట్టు దిగాడు. పొట్టి రాడ్డు వెనక్కి లాగాడు, టక్కుమంది. జీపు ఇసకలోకి పరిగెత్తుకుంటూ వెళ్ళి, కాస్త దూరం పోయి, నిలబడిపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంటున్నాయి. ముందు చక్రాలు పేరంటానికొచ్చినట్టు కదలకుండా కూర్చున్నాయి. ఇంకాస్త తొక్కాడు. వెనకభాగం ఇంకాస్త దిగింది. ఇసక తోలే ట్రాక్టరువాళ్ళొచ్చి మోకు కట్టి లాగేదాకా అక్కడే ఉన్నాడు. లాగుతూ వాళ్ళు నవ్వుతుంటే, దిగి తోయమంటారేమోనని భయపడి, స్టీరింగు పట్టుకుని పెద్ద పనిలో ఉన్నట్టు ముఖం పెట్టాడు.

కొవ్వూరులో సామ్యేలు షెడ్డుకి జీపు వెళ్ళింది. సామ్యేలు చెయ్యి మంచిదే గానీ నోరు చెయ్యి కన్నా ముందుంటుంది. బండి ఇంకా ఆగకముందే, "క్లచ్చండి బాబాయ్. చప్పుడు చెబుతోంది," అన్నాడు. క్లచ్చు ఊడదీశాడు. క్లచ్చు బానే ఉంది. "అయితే ఆ రాడ్డు గేరుపెట్టెలో తిరగబడుంటుంది," అన్నాడు. అదీ ఊడదీశాడు. అదీ బానే ఉంది.

ఊడదీసిన ముక్కలు పెరుగుతున్నకొద్దీ అచ్చిబాబుకి అనుమానం కూడా పెరుగుతోంది. మంచి ముక్కలు తీసేసి చెడ్డవి బిగిస్తే తనకెలా తెలుస్తుంది? మర్నాడు ఓ కొబ్బరిచిప్పలో జాజు కలుపుకుని వచ్చాడు. సంతలో కొన్న గేదెలు కలిసిపోకుండా వీపు మీద పూస్తారే, ఆ ఎర్రరంగు. బోల్టు నుంచి బేరింగు దాకా ప్రతి ముక్కకీ వేలితో ఓ ఎర్ర బొట్టు పెట్టాడు.

సామ్యేలు చూసి చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "ఏంటండి బాబాయ్ ఇది? నా షెడ్డులో గ్రామదేవత జాతర చేస్తున్నారా?"

"నీ మీద అనుమానం కాదు సామ్యేలు. షెడ్డులోకి పదిమంది వస్తారు."

"షెడ్డులో ఉన్నది మనిద్దరవేనండి."

"అదే నేనూ అనేది."

ఏదైనా పెద్ద భాగం విప్పే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం సామ్యేలుకి అలవాటు. అచ్చిబాబుకి అదీ నచ్చలేదు. ఓ బోల్టు విప్పడానికి దేవుడితో అంతసేపు ఏం మాట్లాడుతున్నట్టు? ముందే క్షమాపణ అడిగేస్తున్నాడా?

ఆఖరికి ముందు చక్రాల మధ్య హౌసింగు విప్పారు. గుమ్మడికాయలా గుండ్రంగా ఉంటుందది. చక్రాలని తిప్పే పళ్ళచక్రం అందులోనే ఉండాలి. సామ్యేలు మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, కాసేపు కెలికి, నల్లగా గ్రీజు కారుతున్న గోనెసంచి ముక్కొకటి బయటికి లాగాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఇంకో గోనె ముక్క వచ్చింది. ఇంకేం రాలేదు. పళ్ళచక్రం లేదు, అక్కణ్ణించి చక్రాలకి వెళ్ళే రాడ్లూ లేవు. బయటి షాఫ్టు తిరుగుతోంది, రాడ్డు టక్కుమంటోంది, లోపల అంతా డొల్ల.

అచ్చిబాబు ఆ గోనెముక్కకేసి చూశాడు. "గడ్డిదూడ," అన్నాడు.

"ఏంటండి?"

"ఏం లేదు. లోపలున్న సామానేం చేశావ్?"

సామ్యేలుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోనెముక్క తీసి అచ్చిబాబు ఒళ్ళో పడేశాడు. "ఇదిగోండి, మీ సొత్తు. దీనికి కూడా బొట్టు పెట్టుకుని పట్టుకెళ్ళండి. మీ కళ్ళముందే కదండి విప్పింది. మధ్యలో నేను కళ్ళు మూసుకున్నాను గానీ మీరు మూశారా?"

అచ్చిబాబు ఆలోచించాడు. తను మూయలేదు. రెప్ప కూడా వేయలేదు. సామ్యేలు మీద అనుమానం తీసేయక తప్పలేదు. తీసేసిన అనుమానాన్ని ఎక్కడో ఓచోట పెట్టాలి కదా, తీసుకెళ్ళి సూరపరాజుగారి మీద పెట్టాడు.

బస్సెక్కి నరసాపురం వెళ్తూ ఒక్కటే గట్టిగా అనుకున్నాడు: ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఆ రాజుగార్లతో గొడవకెళ్ళినవాళ్ళు భోజనం దగ్గరే ఓడిపోతారని అందరికీ తెలిసిన సంగతే. తిన్న చేత్తో వేలు చూపించి ఎలా మాట్లాడతాం? అందుకే మరిడమ్మ చేత పెరుగన్నం క్యారేజీ కట్టించుకున్నాడు.

రాజుగారి గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన చూపు క్యారేజీ మీద పడింది. "ఏంటండి ఇది? మా ఇంటికొస్తూ క్యారేజీ తెచ్చుకున్నారా? ఊళ్ళోవాళ్ళెవరూ చూళ్ళేదు కదా?" అని, నిజంగానే నొచ్చుకున్నట్టు, దాన్ని రెండు చేతులతో అందుకుని లోపలికి పంపించేశారు. అచ్చిబాబు నోరు తెరిచేలోపు ముందు అరిటాకు పడింది. ఆకు మీద రొయ్యల ఇగురు పడింది. పక్కన కోడి వేపుడు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు.

"రాజుగారండి, ఆ జీపు గురించి..."

"ముందు ఆ ముద్ద తినండి. జీపెక్కడికీ పోదు."

"పోవట్లేదనేనండి నేనొచ్చింది."

"పోద్దిలెండి. నెయ్యి వెయ్యమ్మా ఆయనకి."

నెయ్యి పడింది. మనిషన్నవాడు ఆ ఇగురు ముందు పగ ఎంతసేపు పట్టుకోగలడు? చేతులు కడుక్కునేసరికి అచ్చిబాబు గొంతులో కోపమంతా త్రేన్పయిపోయింది. అయినా గోనెముక్కల సంగతి చెప్పాడు.

రాజుగారు తమలపాకు తొడిమ తుంచుతూ విన్నారు. "నాకమ్మినాయన ఫోర్ వీలన్నాడండి. నేను మీకదే చెప్పాను. చెరువుగట్టు మీద తిరిగేవాడికి ఆ రాడ్డుతో పనేంటి? ఒక్కసారైనా లాగలేదు. మీరే గుర్తు తెచ్చుకోండి, ఇసకలో చూపిస్తాను రమ్మని నేనే పిలిచాను. రానంది మీరు."

అచ్చిబాబు ఆయన ముఖంలోకి చూశాడు. గేదెని అమ్మేవాడి కనురెప్ప చూసి అబద్ధం పట్టేసే మనిషి, ఇక్కడ ఏమీ పట్టలేకపోయాడు. తెలిసుంటే ఇసకలోకి ఎందుకు పిలుస్తాడు? తెలీకే పిలిచాడు. కాదు, పిలిస్తే నేను రానని కనిపెట్టి పిలిచాడా? అలా కనిపెట్టాలంటే నా అంత వెధవయ్యుండాలి. ఈయన చూస్తే వెధవలా లేడు. వెధవలెప్పుడూ వెధవల్లా ఉండరు. నేనున్నానా?

"పోనీ ఓ పని చేద్దామండి," అన్నారు రాజుగారు. "బండి తెచ్చి వదిలేయండి. మీ డబ్బు మీరు పట్టుకెళ్ళండి. మాట రాకూడదు."

అంతే, అచ్చిబాబు ఒళ్ళంతా చెవులైపోయింది. ఏంటీ, వెనక్కి తీసుకుంటాడా? లోపల గోనెలున్నాయని చెప్పాక కూడానా? తన జీవితంలో అమ్మిన గేదెని వెనక్కి తీసుకున్నవాణ్ణి చూళ్ళేదు. తీసుకుంటానంటున్నాడంటే ఆ జీపులో తనకి తెలీనిదేదో ఉంది. ఇంజనులోనో, కాయితాల్లోనో, ఎక్కడో. పైగా జీపు ఇచ్చేస్తే గట్టు మీద కూర్చుని లంకకేసి చూస్తూ ఉండాలి.

"ఇంట్లో అడిగి చెబుతానండి," అని లేచి, ఉన్నంతలో గబగబా బయటపడ్డాడు. క్యారేజీ ఎవరో పరిగెత్తుకొచ్చి చేతికిచ్చారు. బరువుగా ఉంది. ఇంటికెళ్ళి తెరిస్తే నిండా రొయ్యల పచ్చడి. మరిడమ్మ ముందు తిని, సాయంత్రం దాకా బానే ఉన్నాక, అతనూ వేసుకున్నాడు.

"డబ్బులిస్తానన్నాడా? తీసుకోకుండా వచ్చారా?" అంది మరిడమ్మ.

"ఎందుకిస్తానన్నాడో తెలీకుండా ఎలా తీసుకుంటానే?"

"మంచోడేమో."

"నువ్వు పచ్చడి తిని మాట్లాడుతున్నావ్."

ఇక బాగు చేయించక తప్పలేదు. సామ్యేలుని వెంటబెట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళి, పాత సామాన్ల కొట్లన్నీ తిరిగారు. ఓ కొట్టువాడు పళ్ళచక్రం తీసి చూపిస్తే అచ్చిబాబు దాన్ని ఎండలోకి పట్టుకెళ్ళి, గేదె నోరు తెరిచి చూసినట్టు, ఒక్కో పన్నూ వేలితో తడిమాడు. మూడు కొట్లలో వద్దన్నాడు. నాలుగో కొట్లో ఒప్పుకున్నాడు. సామ్యేలు కూడా చూసి, మొదటి కొట్లోదే ఇంతకన్నా బావుందన్నాడు. అంతే, మొదటి కొట్టువాడికీ ఇతనికీ ఏదో సంబంధం ఉందని అచ్చిబాబు ఖాయం చేసుకుని నాలుగోదే కొన్నాడు.

షెడ్డులో పని సాగింది. బురద గీకితే జీపు నేలరేకు ఉప్పుగాలికి తుప్పు పట్టి జల్లెడైపోయుంది. మరిడమ్మ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఇస్తే దాని రేకు కోసి అతికారు. బ్రేకులు మార్చారు, రేడియేటరుకి మాట్లు వేయించారు. పళ్ళచక్రం బిగించి, రాడ్లు దూర్చి, హౌసింగు మూసేటప్పుడు అచ్చిబాబు లోపల చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు. సామ్యేలు, "రంగేద్దామా బాబాయ్? పెళ్ళికొడుకులా ఉంటది," అన్నాడు.

"వద్దు. రంగేస్తే నేనే నమ్మను."

అప్పటికి ఎండాకాలం నడినెత్తికొచ్చింది. అవతలి ఒడ్డు బేరగాడు లంకలో ఒకటి రెండు ఇళ్ళకి వచ్చెళ్ళాడని కబురు కూడా వచ్చింది.

ఆ తెల్లారి గట్టు దిగి, పొట్టి రాడ్డు లాగి, అచ్చిబాబు కాసేపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత క్లచ్చు వదిలాడు. జీపు ఇసకలోకి దిగి, ఓసారి తూలి, ముందు చక్రాలతో ఇసకని పట్టుకుని లాగడం మొదలెట్టింది. ట్రాక్టరు మోకు కట్టిన చోటు దాటింది. చెప్పు తెగినట్టు నటించిన చోటు ఎప్పుడో వెనకబడిపోయింది. తల బయటికి పెట్టి చూసుకున్నాడు, ముందు చక్రాలు తిరుగుతున్నాయి. అటుపక్కది కూడా తిరుగుతోందా లేదా అని అనుమానమొచ్చి అటు వంగి చూడబోతే స్టీరింగు పక్కకెళ్ళి మళ్ళీ దారికొచ్చింది. అతను ఎవరూ లేని గోదారి మధ్యలో, చిన్నగా ఈల వేశాడు.

లంకలో మొదటి ఇల్లు బుల్లెమ్మది. అరవై దాటిన మనిషి. మొగుడు పోయాక గేదెల పాకంతా ఒక్కత్తే నడుపుతోంది. ఆవిడ ఎవరికమ్మితే లంకంతా వాడికే అమ్ముతుంది. అచ్చిబాబు జీపుని పాక ముందుకి తెచ్చి ఆపి, దిగకుండా, "ఏం బుల్లెమ్మక్కా, బావున్నావా? ఏవున్నాయి ఈసారి?" అన్నాడు.

బుల్లెమ్మ జీపుని ముందు నుంచి వెనకదాకా చూసింది. "ఏరా అచ్చిబాబూ, జీపు కొన్నావా?"

"ఏదో పాతది."

"మా గేదెల మీదేగా?"

అచ్చిబాబుకి ఈ సంగతి తట్టనేలేదు. జీపులో వచ్చినవాడికి నడిచొచ్చినవాడి ధర ఎవరు చెబుతారు? బుల్లెమ్మ పాకలోంచి ఓ గేదెని తెచ్చి నిలబెట్టి, దాని ధర చెప్పింది. విన్నాక అచ్చిబాబు అది గేదె ధరో, జీపు ధరో తేల్చుకోలేకపోయాడు.

"అదేంటక్కా, అంతా?"

"నువ్వు దిగి చూసుకో. పళ్ళు చూసుకో, పొదుగు చూసుకో. ఎప్పుడూ దాని కింద దూరి లేచేవాడివి. దిగవేం?"

"ఇక్కణ్ణించే తెలుస్తోంది. మంచి గేదె."

ఆ మాట అనేశాక నాలిక కరుచుకున్నాడు. పాతికేళ్ళలో ఏ గేదెనీ అతను మంచిదన్నది లేదు. బుల్లెమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. చూడకుండానే మంచి గేదె అంటున్నాడు, బండి దిగనంటున్నాడు. ఇందులో ఏదో ఉంది.

"నీకమ్మను," అని గేదెని వెనక్కి తిప్పింది. "అవతలి ఒడ్డోడు నిన్న కూడా వచ్చాడు. వాడు పేడలో మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూసుకున్నాడు. నీ సంగతేంటో తేలేదాకా మావాళ్ళెవరూ నీకు అమ్మరు."

జీపూ వచ్చింది, లంకా వచ్చింది, లంక చేజారిపోతోంది. అచ్చిబాబు ఎడమకాలు ముందు దించి, అద్దం పట్టుకుని, కుడికాలు దించాడు. ఇసకలో మోకాలు పక్కకి జారింది. బానెట్టు పట్టుకుని నిలబడ్డాడు గానీ, నిలబడ్డ తీరు దాచడానికి ఇంకేం మిగల్లేదు.

బుల్లెమ్మ గేదె పలుపు వదిలేసి దగ్గరకొచ్చింది. వంగి, పంచె పైకి తీసి, ఆ మోకాలు రెండు బొటనవేళ్ళతో నొక్కి చూసింది. అచ్చిబాబు అబ్బా అన్నాడు.

"ఎప్పణ్ణించి?"

"కార్తీకం."

"గేదా?"

"చూడిది."

"దీనికా జీపు కొన్నావు?"

మొత్తం జన్మలో, ఎదుటివాడు పట్టుకోకముందే ఒప్పుకునుంటే బావుండేదని అచ్చిబాబుకి అనిపించడం అదే మొదటిసారి. ఎందుకైనా మంచిదని, అవును అన్నట్టు తల ఊపాడు.

"శివరాత్రి నుంచీ చూస్తున్నాం నీకోసం," అంది బుల్లెమ్మ. "రాలేదు. అచ్చిబాబు వేరే లంక పట్టాడు, మనల్నొదిలేశాడు అనుకున్నాం. నేనైతే ఇంకెక్కడో మోసం చేసి ఊరొదిలేశాడని కూడా చెప్పాను అందరికీ. ఓ ముక్క కబురు పెడితే గేదెల్ని నేనే తోలుకొచ్చి గట్టు కింద నిలబెట్టేదాన్ని కదరా. నువ్వు అరుగు మీద కూర్చుని బేరమాడుకునేవాడివి."

"ఎందుకు తోలుకొస్తావు?" అన్నాడు అచ్చిబాబు. నిజంగానే అర్థం కాలేదతనికి. ఆవిడకి ఇందులో ఏం మిగులుతుంది?

"ఎందుకేంట్రా. అవతలోడు పేడలో కూర్చుంటాడు గానీ, డబ్బులు తర్వాతిస్తానంటాడు. నువ్వు బుర్ర తినేస్తావ్, కొమ్ములు గోకుతావ్, దూడని తిడతావ్. కానీ ఇచ్చేది అక్కడికక్కడ ఇస్తావ్."

గేదె ధర దిగింది. పాత ధరకి రాలేదు గానీ, జీపు ధర నుంచి గేదె ధరకైతే వచ్చింది. తువ్వాలు కింద వేళ్ళు కలిశాయి. బుల్లెమ్మకి ఆ భాష పుట్టుకతోనే వచ్చు. బేరం కుదిరాక ఆవిడ జీపు చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, "వంకాయలు గట్టుకి మోయడానికి మా వాళ్ళకి నడుములు పడిపోతున్నాయి. గేదె కోసం ఎలాగూ వస్తావ్. బుట్టలు నాలుగు ఇందులో పడేయ్," అంది.

"బుట్టలకి ఏమిస్తావ్?"

"మోకాలికి పసరు కట్టిస్తా. ఎక్కువ మాట్లాడకు."

బుట్టలెక్కాయి. గేదెని వెనక కట్టుకుందాం, నాలుగు చక్రాలూ లాగే బండి, భయం లేదని బుల్లెమ్మని కూడా ముందు సీట్లో కూర్చోమన్నాడు. ఆవిడ ఎక్కనంది. "నాలుగు చక్రాలూ లాగుతాయన్నావు కదా. నేను వెనకే నడిచొస్తూ చూస్తా. ముందువి నిజంగా తిరిగితే అప్పుడెక్కుతా," అని గేదె పలుపు పట్టుకుంది.

జీపు ఇసకలోకి దిగింది. నెమ్మదిగా, మనిషి నడకన. వెనక బుల్లెమ్మ, నడుం వంచి ముందు చక్రాలకేసే చూస్తూ, గేదెని నడిపించుకుంటూ వస్తోంది. అటూ ఇటూ చూపు ఆనినంత దూరం ఇసక తప్ప ఏమీ లేదు. చెట్టు లేదు, మనిషి లేదు, ఇంకో గేదె జాడ అసలే లేదు. అచ్చిబాబు మాత్రం గట్టు చేరేదాకా అద్దంలోంచి చూపు తిప్పలేదు, బుల్లెమ్మ దారిలో గేదెని మార్చేస్తుందేమోనని.